కొద్దిగా కదిలిస్తే

మా కాలేజీలో పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోదగిన వాళ్ళు ఇద్దరే. ఒకరు ప్రిన్సిపాల్ గారు. ఆయన డాక్టరేట్ ఏ ఊళ్ళో, దేని మీద వచ్చిందో మేమెవరమూ అడగం, ఆయనా చెప్పడు. గది తలుపు మీది ఇత్తడి పలక మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది. రెండోవాడు లెక్కల గంగారాం. రెండేళ్ళ పాటు ఆదివారమన్నది ఎరగకుండా, చెరువులో తెప్ప మీద కూర్చొని, నిజంగా సంపాదించిన డాక్టరేట్ అతనిది. నోటీసు బోర్డు మీద మా అటెండరు ముచ్చటపడి డాక్టర్ గంగారాం అని రాస్తే, తన జేబురుమాలుతో తానే తుడిచేశాడు. శాలువా కప్పిన రోజున ఫొటోలో చూస్తే, బలవంతాన నిలబెట్టిన మనిషిలా ఉంటాడు.

వాడికేం పొగరని స్టాఫ్‌రూంలో ఒకరిద్దరు అన్నారు. నాకు ఒళ్ళు మండింది. గంగారాం అన్న పోయి అప్పటికి మూడు నెలలు కాలేదు. ఆ డాక్టరేట్‌కూ ఆ చావుకూ ఉన్న సంబంధం మా కాలేజీలో నా ఒక్కదానికే తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను తెలుగు చెబుతాను. పుట్టింది సిరిసిల్లలో, ఉంటున్నది కోరుట్లలో, ఉద్యోగం జగిత్యాలలో. నా బతుకులో సగం ఆర్టీసీ బస్సులోనే గడిచింది. గంగారాం తన ఊరి నుంచి షేర్ ఆటోలో కోరుట్లకు వచ్చి, నేనెక్కే బస్సే ఎక్కుతాడు. లెక్కల మాస్టర్లు మాట్లాడరని అంటారు గాని, ఇతనికి కిటికీ పక్క సీటు దొరికితే చాలు. అద్దం మీది దుమ్ములో వేలితో రాస్తూ జగిత్యాల దాకా చెబుతూనే ఉండేవాడు. లెక్కలకు నేను పదో తరగతితోనే దండం పెట్టేశాను. అయినా వినేదాన్ని, ఎందుకంటే అతను ఎదుటివాళ్ళకు ఏమీ రాదన్నట్టు చెప్పడు.

గంగారాం వాళ్ళు బెస్తవాళ్ళు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి ముత్తమ్మ కోరుట్ల మార్కెట్లో చేపలు కోసి అమ్ముతూ ఇద్దరు కొడుకులను సాకింది. పెద్దవాడు భూమేశ్ పదో తరగతి మధ్యలో మానేసి, వయసు రాగానే మస్కట్ పోయాడు. అక్కడ బండలు కోసే పని. గంగారాం హాస్టలు, ఎమ్మెస్సీ, మొదటి సెల్‌ఫోను, చివరికి ఇంటర్వ్యూకు తొడుక్కుపోయిన బూట్లు, అన్నీ మస్కట్ బండల్లోంచి వచ్చినవే. భూమేశ్ భార్యను, కూతుర్ని ఊళ్ళోనే ఉంచి, రెండేళ్ళకోసారి వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ దగ్గు ఒక మెట్టు పైకెక్కి ఉండేది. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరిందని, మళ్ళీ ఆ పనికి పోవద్దని కరీంనగర్ డాక్టరు గట్టిగానే చెప్పాడు. చెప్పడం తేలికే. ఇక్కడేం చేయాలో కూడా ఆ డాక్టరు చెప్తే బాగుండేది.

గంగారాం పరిశోధన పేరు పలకబోతే నోరు తిరగదు. అవకలన సమీకరణాల స్థిరత్వాన్ని జాకోబియన్ మాత్రికలతో తేల్చడం అని నేను నా భాషలో అనుకున్నాను. ఆ చదువు చదివేవాళ్ళంతా ఉదాహరణకు పుస్తకంలోని నక్కల్నో కుందేళ్ళనో తీసుకుంటారట. ఇతను మాత్రం, మా ఊళ్ళో నక్కలు లేవు సార్, చెరువుంది అని గైడుకు చెప్పాడట. ఊరి చెరువు పేరు తుమ్మలచెరువు. బెస్తవాళ్ళ సొసైటీ అందులో రవ్వ, బొచ్చె చేపలు పెంచి అమ్ముకుంటుంది. ఎవరికి ఎంత చేతనైతే అంత పని చేసినా, వాటా మాత్రం అందరికీ సమానం.

ఒకరోజు బస్సు కిటికీ మీద నాకు పాఠం మొదలుపెట్టాడు. చెరువులో రెండింటిని పట్టించుకుంటే చాలన్నాడు. ఒకటి నీళ్ళకు ఆకుపచ్చ రంగునిచ్చే సన్న నాచు, దాన్ని పచ్చ అందాం. రెండోది చేపలు పీల్చే గాలి. పచ్చ పగలు ఎండ తాగి గాలి పుట్టిస్తుంది. రాత్రి తానే ఆ గాలిని పీల్చేస్తుంది. పచ్చ తగుమాత్రంగా ఉంటే చేపకు తిండి, ఎక్కువైతే చేపకు ఉరి. ఈ రెండూ పెరగకుండా, తరగకుండా నిలిచే చోటు ఒకటి ఉంటుంది. ఆ నిలకడ గట్టిదా, పైపైదా అన్నదే ప్రశ్న.

అది తేల్చడానికి నాలుగు అడగాలట. పచ్చను కొద్దిగా పెంచితే పచ్చ పెరిగే వేగం ఎంత మారుతుంది, గాలి పెరిగే వేగం ఎంత మారుతుంది? గాలిని కొద్దిగా కదిలిస్తే పచ్చ వేగం ఏమవుతుంది, గాలి వేగం ఏమవుతుంది? నాలుగు జవాబులను రెండు వరుసల్లో రెండేసిగా రాసుకుంటే అదే జాకోబియన్. దుమ్ములో నాలుగు గళ్ళు గీసి చూపించాడు. ఆ నాలుగు అంకెల్లోంచి రెండు అంకెలు బయటికి తీస్తారు, వాటిని అతను రూట్లు అనేవాడు. రెండూ మైనస్ అయితే చెరువును కొద్దిగా కదిలించినా తిరిగి మొదటి చోటికే వస్తుంది. ఒక్కటి ప్లస్ అయినా తిరిగి రాదు, పోతూనే ఉంటుంది. మైనస్ ఎంత పెద్దదైతే అంత తొందరగా సర్దుకుంటుంది. సున్నకు దగ్గరగా ఉంటే మాత్రం కుంటుకుంటూ వస్తుందట.

నాకు మా నాయిన సాంచ గుర్తొచ్చింది. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటాం. దారం బిగువు కొంచెం అటూఇటూ అయినా దానంతట అదే సర్దుకొని గుడ్డ దిగుతూనే ఉండేది. ఒక హద్దు దాటితే మాత్రం పోగులన్నీ పటపట తెగి, సాంచ ఆగి, నాయిన తిట్లు మొదలయ్యేవి. అందుకే అడిగాను, కొద్దిగా అంటే ఎంత సార్ అని.

గంగారాం నవ్వాడు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది, ఆ తర్వాత అలా నవ్వగా చూడలేదు కాబట్టి.

"గది జాకోబియన్ చెప్పదు మేడం. కొద్దిగ అనేది ఒకటి ఉన్నదని చెప్తది, గంతే. గది జానెడో మూరెడో మనం వేరేగ చూసుకోవాలె."

భూమేశ్ ఆ డిసెంబరులోనే సెలవు మీద వచ్చాడు. వచ్చినప్పటి నుంచి తమ్ముడి తెప్పను అతనే నడిపాడు. గంగారాం నీళ్ళలో మీటరు ముంచి గాలి కొలుస్తుంటే, అన్న ఎంతో ఓపికగా పక్కన కూర్చొని చూసేవాడట. చెరువు గాలికి దగ్గు కూడా తగ్గిందని ముత్తమ్మ అందరికీ చెప్పుకుంది. మస్కట్ కంపెనీ ఏప్రిల్ ఆఖరు దాకా గడువిచ్చింది. ఆలోపు పోతే పాత పనే, పోకపోతే ఆ వీసా అయిపోయినట్టే. భూమేశ్‌కు పోవాలని లేదు. గంగారాంకు పంపాలని అసలే లేదు. ఊళ్ళో ఉండిపోవడానికి ఒక దారి కావాలి, ఆ దారి చెరువులో కనిపించింది.

మా వైపు మృగశిర కార్తె మొదటి రోజున చేప తినని ఇల్లుండదు. ఏడాదంతా నీచు ముట్టనివాళ్ళు తప్ప, ఉన్నవాడూ లేనివాడూ ఆ రోజు చేప ముక్క నోట్లో వేసుకోవాల్సిందే. తెల్లారకముందే కోరుట్ల మార్కెట్లో కాలు పెట్టే చోటుండదు. కానీ ఆ రోజు అమ్మేదంతా ఎక్కడెక్కడి నుంచో ఐసు పెట్టెల్లో వచ్చిన చేప. తుమ్మలచెరువు చేప అప్పటికి ఉండదు. ఎండాకాలం నీళ్ళు ఇంకిపోతాయన్న భయంతో సొసైటీ ఏటా మార్చిలోనే వలలు వేసి వచ్చినకాడికి అమ్మేసేది. ఆ ఏడు నీళ్ళు దండిగా ఉన్నాయి. కార్తె దాకా ఆగుదాం, కోళ్ళ ఫారాల నుంచి ఎరువు తెచ్చి చెరువులో వేస్తే పచ్చ పెరిగి చేప బలుస్తుంది, బతికున్న చేపను మనమే కోరుట్లలో అమ్ముదాం అని భూమేశ్ అన్నాడు. అమ్మే దుకాణం అతనే చూసుకుంటాడు. అది కుదిరితే మస్కట్ మాట ఉండదు.

జనవరిలో సొసైటీ మీటింగుకు గంగారాంను పిలిచారు. కులంలో అంత చదివినవాడు ఇంకొకడు లేడు. చెరువు అంత ఎరువును తట్టుకుంటదా సారూ అని అడిగారు. రెండు రూట్లూ మైనస్సే, ఏం కాదన్నాడు. చేపలమ్మే మల్లక్క ఊరుకునే రకం కాదు. మైనస్ అంటే తక్కువైనట్టు గద, మంచిదెట్లయితది సారూ అని అడిగేసరికి అందరూ నవ్వారు. గంగారాం కూడా నవ్వి, చెరువుకు వచ్చిన కష్టం తక్కువైతదక్కా అని సర్ది చెప్పాడు. ఆ మాట అప్పటికి నిజమే. జనవరి నీళ్ళు నిండుగా ఉన్నాయి, మైనస్ కూడా పెద్దదే. కొద్దిగా అన్న మాట మాత్రం ఆ మీటింగులో అతని నోట రాలేదు. బస్సులో నాకు చెప్పినవాడు, వాళ్ళకు చెప్పలేదు. చెప్పినా, ఎంత అని అడిగితే చూపించడానికి దగ్గర కొలత లేదు.

మార్చిలో వల పడలేదు. ట్రాక్టర్ల మీద ఎరువు రావడం మొదలైంది. ఏప్రిల్ ఎండలకు నీళ్ళు కట్ట రాళ్ళ కిందికి జారాయి. ఉన్న నీళ్ళు చిక్కటి పచ్చగా మారాయి. చేపలు మాత్రం చూడ ముచ్చటగా ఉన్నాయని, ఒక్కొక్క బొచ్చె చంటిపిల్లంత ఉందని భూమేశ్ అనేవాడట. మస్కట్ గడువు దగ్గర పడింది. తమ్మీ, ఇంకొకసారి లెక్క చూసి చెప్పు, గప్పుడు ఫోన్ చేసి రానని చెప్త అన్నాడు.

ఆ ఆదివారం గంగారాం మళ్ళీ కొలిచాడు. తగ్గిన నీళ్ళతో, పెరిగిన ఎరువుతో సమీకరణాలు మళ్ళీ రాసి, కొత్త నిలకడ చోటు కనుక్కొని, అక్కడ జాకోబియన్ కట్టాడు. సోమవారం బస్సులో నేనే అడిగాను, ఏం తేలింది సార్ అని. మైనస్సే మేడం అన్నాడు. పాఠం చెబుతాడని చూశాను. అద్దం మీద దుమ్ము నిండుగా ఉంది, వేలు పెట్టలేదు. నిద్ర లేదేమో అనుకొని ఊరుకున్నాను. ఆ వారమే భూమేశ్ మస్కట్‌కు ఫోన్ చేసి రానని చెప్పేశాడు. ముత్తమ్మ ఆ రోజు పక్కింటి వాళ్ళకు కూడా పాయసం పంచింది.

మే ఆఖరులో మబ్బు పట్టింది. రోళ్ళు పగిలే ఎండల తర్వాత ఆకాశం నల్లబడితే ఎవరికి సంతోషం ఉండదు? బస్సులో అందరూ హాయిగా ఊపిరి తీసుకున్నారు. నేను ఇంటికి పోయి మిరపకాయ బజ్జీలు వేసుకున్నాను. మబ్బు కదల్లేదు, వాన పడలేదు, ఆకు కదలని ఉక్క. రెండో రోజూ అంతే. ఎండ లేక చెరువులో పచ్చ గాలి పుట్టించడం మానేసింది. పీల్చుకోవడం మాత్రం మానలేదు. నీళ్ళు నిండుగా ఉన్న రోజుల్లో ఇలాంటి మబ్బులు ఎన్నో వచ్చాయి, చెరువు ఎప్పటికప్పుడు సర్దుకుంది. ఇప్పుడు మొదటి రోజు దెబ్బ నుంచి లేవకముందే రెండో రోజు దెబ్బ పడింది.

మూడో రోజు తెల్లవారుజామున మల్లక్క కట్ట మీదికి పోయి కేకలు పెట్టింది. చెరువు నిండా చేపలు నోళ్ళు పైకి తెరిచి ఉన్నాయి. జనం వచ్చి, తెప్పలు దింపి, కట్టెలతో నీళ్ళను కొట్టి, మోటారు పెట్టి నీళ్ళు చిమ్మి, చేతనైనదంతా చేశారు. పొద్దు బాగా ఎక్కేసరికి చెరువంతా తెల్లటి కడుపులే. పైకి వచ్చి గాలి మింగి బతకడం తెలిసిన కొర్రమట్టలు కొన్ని మాత్రం బురదలో మిగిలాయి.

సాయంత్రం నేను వెళ్ళాను. వాసన రోడ్డు మీదికే వచ్చింది. అన్నదమ్ములిద్దరూ మొల లోతు నీళ్ళలో ఉన్నారు. చచ్చిన చేపను వలతో ఒడ్డుకు లాగుతున్నారు. కట్ట అవతల జేసీబీ గుంట తవ్వుతోంది. భూమేశ్ నాలుగు అడుగులు వేసి ఆగి దగ్గుతున్నాడు, మళ్ళీ లాగుతున్నాడు. గంగారాం కాలేజీ ప్యాంటుతోనే దిగాడు. ఇన్ని ఇళ్ళ కూడు పోయింది, ఒక్కరైనా అతన్ని తిట్టలేదు. తిడితే బాగుండునని నాకే అనిపించింది. మల్లక్క ఒడ్డున కూర్చొని చాలాసేపు అతన్నే చూసింది. చివరికి ఒక్క మాట అడిగింది.

"మైనస్సు అంటివి గద సారూ."

గంగారాం వల వదలకుండా తల దించుకున్నాడు. ఇంటికి వచ్చి స్నానం చేసినా ఆ వాసన పోలేదు.

పది రోజులకు మృగశిర వచ్చింది. కోరుట్లంతా ఐసు చేప తిన్నది. ఆ పూట ముత్తమ్మ ఇంట్లో పప్పు వండుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక కార్తె నాడు తన పొయ్యి మీద చేప లేకపోవడం అదే మొదటిసారని ఆమె తర్వాత నాతో అంది. ఏడవలేదు, చెప్పింది అంతే.

పాత కంపెనీ ఇక తీసుకోనంది. జూలైలో ఏజెంటు ద్వారా భూమేశ్‌కు ఇంకో చోట వీసా దొరికింది. ఈసారి బండలు కోసే షెడ్డు కూడా లేదు, ఎండలో రోడ్డు పని. పోవద్దని గంగారాం కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. తన జీతంతో ఇల్లు నడుపుదామన్నాడు. మా కాలేజీ జీతం సంగతి తెలిసినవాడెవడూ ఆ మాట పట్టించుకోడు. సొసైటీ వాళ్ళందరూ నా మాట మీదనే ఆగారు, ఇప్పుడు వాళ్ళ ముందు తమ్ముని సొమ్ము తింటూ ఎట్లుంటానని భూమేశ్ అన్నాడట. భార్యను, ఇంటర్ చదివే కూతుర్ని తమ్ముడికి అప్పగించి, జూలై ఆఖరులో కోరుట్ల బస్టాండులో బస్సెక్కి పోయాడు.

ఆగస్టులో ఫోన్ వచ్చింది. పని నుంచి వచ్చి పడుకున్నవాడు పొద్దున లేవలేదు. గుండె ఆగిందని కాగితంలో రాశారు. అక్కడ పోయిన మా వాళ్ళందరి కాగితాల్లోనూ అదే రాస్తారు. శవం రావడానికి ఎన్నాళ్ళు పట్టిందో, ఎంతమంది చుట్టూ తిరిగారో కోరుట్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు, సగం ఇళ్ళకు తెలిసిన సంగతే. దినాలు కాగానే గంగారాం బస్సెక్కి కాలేజీకి వచ్చాడు. నేను పక్కన కూర్చున్నాను.

అక్టోబరులో వైవా. ఇక దాన్ని వదిలేస్తాడనుకున్నాను. వదల్లేదు, అన్న చదివించిన చదువు సగంలో విడిచే హక్కు తనకు లేదన్నాడు. బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకుడు చెరువు అధ్యాయాన్ని తెగ మెచ్చుకున్నాడట. ఒక్క తప్పు కూడా లేదన్నాడట. నిజమే, లేదు. జాకోబియన్ ఏం చెప్పాలో అదే చెప్పింది. చివరగా ఆయన, మరి మీ చెరువు ఇప్పుడెలా ఉందని మాటవరసకు అడిగాడు. రెండో స్థిర బిందువు దగ్గరున్నది సార్ అని గంగారాం జవాబిచ్చాడు. అంటే కుళ్ళిన నీళ్ళు, గాలి లేని నీళ్ళు. అది కూడా ఒక నిలకడేనట. దానికీ రెండు రూట్లూ మైనస్సే. ఇప్పుడు ఎవరైనా కొన్ని మంచి నీళ్ళు పోసి కదిలించినా, చెరువు మళ్ళీ ఆ కుళ్ళు దగ్గరికే వస్తుంది. జవాబు బాగుందని అందరూ బల్ల చరిచారట. డాక్టరేట్ ఇచ్చి పంపారు.

శాలువా కప్పిన మర్నాడు బస్సులో అతని పక్క సీటు దొరికింది. బస్సు ఇంకా కోరుట్ల స్టాండులోనే ఉంది. స్టాఫ్‌రూంలో వాళ్ళన్న మాటలు నా నోటి నుంచి జారాయి. పొగరనుకుంటున్నారు సార్ అన్నాను. అనుకోనియ్యిండ్రి అన్నాడు. ప్లాట్‌ఫాం మీద సిమెంటు బల్ల చూపించి, అన్న పోయే రోజున అక్కడే కూర్చున్నామని చెప్పాడు. అప్పుడే ఏప్రిల్ సంగతి మొదటిసారి నాతో అన్నాడు.

ఏప్రిల్‌లో రెండు రూట్లూ మైనస్సే వచ్చాయి, అబద్ధం లేదు. కానీ అందులో ఒకటి సున్నకు వెంట్రుక దూరంలో ఉంది. జనవరిలో చెరువు రెండు మూడు రోజుల్లో సర్దుకునేది, ఏప్రిల్‌లో అదే సర్దుకోవడానికి నెల పట్టేట్టుంది. ఈ మధ్యలో ఇంకో చిన్న దెబ్బ తగిలితే చాలు. అది చూసి గంగారాం ఆ రాత్రంతా కూర్చున్నాడట. సిద్ధాంతానికి కావాల్సింది మైనస్ గుర్తే. ఎంత మైనస్ అని సిద్ధాంతం అడగదు. వెయ్యి సార్లు క్లాసులో చెప్పిన మాట, మైనస్ మైనసే. పొద్దున అన్నకు అదే చెప్పాడు. చేప అప్పుడే పట్టి అమ్మేస్తే దుకాణం ఉండదు, దుకాణం లేకపోతే అన్న మస్కట్ పోతాడు. అతని కంటికి చెరువు కనబడలేదు, అన్న దగ్గు కనబడింది.

ఇదంతా బస్టాండు బల్ల మీద అన్నతో చెప్పేశాడట. లెక్క సున్న దగ్గరున్నదని తెలిసి కూడా దాచానని, నువ్వు పోవద్దని దాచానని, ఇప్పుడు నా వల్లనే పోతున్నావని. అన్న కొడతాడనుకున్నాడు. భూమేశ్ బ్యాగు ఒళ్ళో పెట్టుకొని దగ్గాడు. దగ్గు ఆగేదాకా ఆగి చెప్పాడు.

"నాకు తెలుసు తమ్మీ. గా పొద్దు చెప్పెటప్పుడు నువ్వు నా మొఖం దిక్కు చూడలే. ఎంత మైనస్ అని ఒక్క మాట అడిగితే చెప్పేటోనివే. నేనే అడగలే. నాకు గూడ పోబుద్ధి కాలే."

తర్వాత హైదరాబాద్ బస్సు వచ్చిందట. తమ్ముడు ఏడుస్తుంటే అన్న బ్యాగు తానే ఎత్తుకొని ఎక్కాడట.

మా బస్సు కదిలింది. గంగారాం కిటికీ వైపు తిరిగాడు. నేను ఏడ్చాను, ఆ మాట దాచుకోవలసిన పని లేదు. బస్సు జగిత్యాల పొలిమేర చేరింది. దిగేముందు అతను చేతి రుమాలు తీసి మొహం తుడుచుకొని, మొదటి పీరియడ్ నాదే మేడం, ముందు పోతానని చెప్పి దిగాడు.